తలుపు తియ్యి, ముసలీ!

పోయిన వారం గొడుగులక్కని మేడమెట్ల మీద వదిలి వచ్చాం. చేతిలో మూరెడు కర్ర తాళంచెవి, ఒంట్లో మూడు మూరల కోపం.

మధ్యలో చేరినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఈ మహానగరానికి పొద్దున పడవలో దిగే టూరిస్టులు సాయంత్రం రైలెక్కి పక్క ఊరికి పోతున్నారు. నది చూశాం, వంతెన చూశాం, ఇంకేముంది అంటారు. టూరిజం ఆఫీసు రంగుదీపాలు పెట్టింది, పూలకుండీలు పెట్టింది, ఒక్కడూ ఆగలేదు. వాళ్ళని ఆపిన ఘనుడు గొడుగులక్క తమ్ముడు. గైడు పని చేస్తాడు. గొంతు పెద్దది కనక వీధిలో అందరికీ వాడు 'మైకు'. తమ గొడుగుల కొట్టు పక్కనున్న రేవు మెట్ల మీద జనాన్ని నిలబెట్టి, నీళ్ళ మీదికి తెరుచుకునే తమ మేడగది కిటికీ చూపించి, "ఈ గదిలో ఒక రాక్షసి తల్లి కన్నకూతుర్ని పెట్టి తాళం వేసింది. ఆ పిల్ల ఈ కిటికీలోంచే నదిలోకి దూకింది" అని కథ చెప్పడం మొదలుపెట్టాడు. కథ చివర అందరూ కిటికీకేసి తలెత్తి "తలుపు తియ్యి, ముసలీ!" అని గొంతు చించుకోవాలి. జనానికి అది తెగ నచ్చింది. రెండో పూటా ఉంటున్నారు, రెండోసారీ అరుస్తున్నారు. ఇక టూరిజం ఆఫీసు ఊరుకుంటుందా? గంట కొట్టినప్పుడల్లా కిటికీలోకి వచ్చి తాళం వేసి వెళ్ళే మరబొమ్మని చేయించింది. రేపే ఆరంభం. మేడగది తమ్ముడి వాటా కనక వాడే దగ్గరుండి పెట్టించాడు. బొమ్మ మీద కప్పిన గుడ్డ తీసి చూసిన గొడుగులక్కకి కళ్ళు తిరిగాయి. ఆ కొయ్యముఖం వాళ్ళ నాయనమ్మది. ఎడమ కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చతో సహా.

బొమ్మ చేతిలోంచి తాళంచెవి లాక్కుని దిగిపోయింది. తాళంచెవి లేకపోతే తాళం ఎలా వేస్తుందో చూద్దామనుకుంది.

కొట్లోకి దిగి దాన్ని తను కూర్చునే పీట కింద తోసి, పైన కూర్చుంది. ఒక గొడుగు తీసుకుని విప్పింది, ముడిచింది, మళ్ళీ విప్పింది. నాన్న వెలుతురు పడే చోట పొట్టి స్టూలు మీద కూర్చుని ఎవరిదో పాత గొడుక్కి గుడ్డ కుడుతున్నాడు. ఊచ చివరికి గుడ్డ లాగి పట్టి, నాలుగు కుట్లు వేసి, దారం పంటితో తెంపడం ఆయన పద్ధతి. మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కడం మానేశాడు కనక పైన ఏం పెట్టారో ఆయనకి తెలియదు. గొడుగులక్క చెప్పలేదు. 'నాన్నా, నీ కొడుకు మీ అమ్మకి కొయ్యబొమ్మ చేయించాడు, రేపట్నుంచి గంటగంటకీ ఊరూరి జనం వచ్చి దాన్ని తిడతారు' అని చెప్పడానికి నోరు రావాలి కదా. ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేది ఆ స్టూలు మీదే. చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. ఆ అరుపుకి తప్పించుకుని ఆ మనిషి ఎక్కడికి పోతాడు?

బయట రేవు మెట్ల మీద ఇవాళ రిహార్సలు. నాలుగు ఊళ్ళ ట్రావెల్ ఏజెంట్లని పిలిచారు. జనం నిండుగా కనబడాలని పొద్దున పడవలో దిగినవాళ్ళని కూడా ఊరికే చూపిస్తామని తోలుకొచ్చారు. ఉన్నట్టుండి అందరూ కలిసి అరిచారు.

"తలుపు తియ్యి, ముసలీ!"

నాన్న సూది ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కుట్టు మొదలుపెట్టాడు. ఇన్ని నెలలుగా ఆ అరుపు విన్నప్పుడల్లా ఆయన సూది అలాగే ఆగుతోంది, అలాగే కదులుతోంది, ఒక్క మాట అనడు. ఆయన అనకపోవడమే గొడుగులక్కకి ఎక్కువ మంట.

అంతలో తమ్ముడు రానే వచ్చాడు. వెనకాల టూరిజం ఆఫీసు డైరెక్టరమ్మ. తమ్ముడి కాలర్‌కి చిన్న మైకు, నడుముకి అగ్గిపెట్టె అంత డబ్బా, దాని మీద పచ్చదీపం. మొదట్లో వాడు లౌడ్‌స్పీకర్‌లోనే కథ చెప్పేవాడు. ఆ గోల భరించలేక గొడుగులక్కే ఆఫీసుకెళ్ళి రభస చేసింది. అప్పట్నుంచి టూరిస్టుల చెవులకి తలా ఒక ఇయర్‌ఫోన్ ఇస్తున్నారు. కథ వాళ్ళ చెవుల్లోకి మెత్తగా వెళుతుంది. అరుపు మాత్రం నోటితోనే.

"అక్కా, తాళంచెవి ఇటియ్యి," అన్నాడు తమ్ముడు.

"ఇవ్వను."

"బయట ఏజెంట్లు నిలబడున్నారే! పై ఊళ్ళ నుంచి వచ్చారు. బొమ్మ బయటికొచ్చి ఉత్త చేతులు తిప్పితే నా పరువేం కావాలి?"

"నీ పరువా!" అంది గొడుగులక్క. లేవలేదు. లేస్తే తాళంచెవి కనబడుతుందని భయం. "నీకో పరువు, దానికో బెంగ. ఇంట్లో గోడ మీదున్న ఫొటో తీసుకెళ్ళి బొమ్మలు చెక్కేవాడి చేతిలో పెట్టినప్పుడు ఎక్కడికి పోయిందిరా ఆ పరువు?"

నాన్న తలెత్తలేదు.

డైరెక్టరమ్మ మంచి మనిషి. నిజంగానే చెబుతున్నాను. దొంగ కాదు, దురుసు కాదు. చేస్తున్నది ఊరి మేలని గట్టిగా నమ్మిన మనిషి. అలాంటివాళ్ళతోనే చిక్కు. ఆవిడ అక్కడున్న ఇంకో స్టూలు లాక్కుని గొడుగులక్కకి ఎదురుగా కూర్చుంది.

"చూడండమ్మా. మన ఊరికేం తక్కువ? నది ఉంది, వంతెనలున్నాయి, మ్యూజియం ఉంది. కానీ నది లేని పెద్ద ఊరేది చెప్పండి? రాళ్ళు చూసి ఎవరూ ఆగరు. కథ ఉంటే ఆగుతారు. ఆగితే తింటారు, పడుకుంటారు, నాలుగు వస్తువులు కొంటారు. మీ వీధి చివర లాడ్జి ఎన్నేళ్ళు మూతబడి ఉందో మీకే తెలుసు. ఇప్పుడు గదులు దొరకట్లేదు. ఎవరి వల్ల? మీ తమ్ముడి వల్ల."

"కథ చెప్పుకోండి. ఎవరొద్దన్నారు? మా నాయనమ్మ ముఖం ఎందుకు?"

"ముఖం లేని రాక్షసిని ఎవరు తిడతారండీ?" అంది డైరెక్టరమ్మ, ఎంతో ఓపిగ్గా. "ఆ ముఖంలో ఏదో ఉంది. చూడగానే గుర్తుండిపోతుంది. పై ఊళ్ళ రైల్వే స్టేషన్లన్నిట్లో పోస్టర్లు వేయించాం. ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి."

పోస్టర్ల సంగతి గొడుగులక్కకి తెలియదు. ఎక్కడెక్కడో, పేరు కూడా తెలియని ఊళ్ళలో, రైలు కోసం నిలబడినవాళ్ళు నాయనమ్మ ముఖం చూసి నవ్వుకుంటున్నారు. పిల్లలకి చూపించి భయపెడుతున్నారు. బతికుండగా గుమ్మం దాటి నాలుగడుగులు వేసినా జనం చూస్తారని ముసుగు దించుకుని నడిచిన మనిషి ఆవిడ.

"ఒరేయ్," అంది గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గించిందంటే తమ్ముడికి చిన్నప్పట్నుంచీ భయమే. "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళుంటారు. నువ్వేంట్రా, చెట్టు మీద ఉమ్మేసి కాయలమ్ముకుంటున్నావు?"

"అబ్బో! మరి నువ్వు అమ్మట్లేదా?" తమ్ముడు కూడా రెచ్చిపోయాడు. పైనుంచి వేలాడుతున్న గొడుగుల్లో ఒకదాన్ని వేలితో పొడిచాడు. తెల్లగుడ్డ మీద నల్లరంగుతో కిటికీ బొమ్మ. "ఇదెవరు గీశారు? నేనా? టూరిస్టులు అడుగుతున్నారని నువ్వే కూర్చుని గీశావు. కిటికీ నీది, అందులో ముసలి మాత్రం నాదా?"

అది నిజం. నిజం కనకే అంత మండింది. ఆ గొడుగులు గీసిన రోజుల్లో 'కిటికీయే కదా, అందులో ఎవరూ లేరు కదా' అని తనకి తాను చెప్పుకున్న మాట ఇప్పుడు గొడుగులక్కకి గుర్తొచ్చింది. పీట మీంచి లేచింది. తాళంచెవి కనబడితే కనబడనీ అనుకుంది. వేలాడుతున్న కిటికీ గొడుగులన్నీ ఒక్కొక్కటే కొక్కేల నుంచి పీకి తమ్ముడి కాళ్ళ దగ్గర పడేసింది. ఒకటి విచ్చుకుని దొర్లుకుంటూ వెళ్ళి డైరెక్టరమ్మ చీర కుచ్చిళ్ళకి తగులుకుంది.

"తీసుకుపో. ఇవి కూడా నీవే. ఇకనుంచి ఈ చెయ్యి కిటికీ గియ్యదు. చాలా?"

"చాలదు." వాడి గొంతు ఒక్కసారిగా పలచబడింది. "నేనేమన్నా అబద్ధం చెప్పానా? ఆవిడ చేసిందే చెప్పాను. ఈ వీధిలో పండుముసలి నుంచి పాలవాడి దాకా ఎవర్నడిగినా చెబుతారు. బళ్ళో నన్నేమనేవాళ్ళో నీకు గుర్తులేదా? 'తాళం ముసలి మనవడొచ్చాడు, తలుపులేసుకోండిరోయ్' అనేవాళ్ళు. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేవాణ్ణి. అప్పుడు ఎవరన్నా వెళ్ళి నోరు మూయించారా? నువ్వు మూయించావా? నాన్న మూయించాడా? ఆ మాట నన్ను ఎన్నేళ్ళు తిందో అన్నేళ్ళు దాన్ని నేను తింటాను. తప్పేంటి?"

గొడుగులక్కని కూడా అన్నారు. ఆమె రాయి తీసుకుని వెంటబడేది, అంతే తేడా. నాయనమ్మ ఆ పని చేయలేదని ఆమె ఏనాడూ అనుకోలేదు. చేసే ఉంటుందని నమ్ముతూనే ఆవిడ పక్కన పడుకుంది, ఆవిడ కలిపి పెట్టిన ముద్దలు తిన్నది. కన్నకూతుర్ని చంపుకున్న చేతులు ఇంత మెత్తగా ఎలా ఉన్నాయని ఆశ్చర్యపోయేది కూడా.

"చేసిందే అనుకో," అంది చివరికి. "చేసినా ఆవిడ మన ముసలిది. తిడితే నువ్వు తిట్టు, నేను తిడతాను. ఎవరో టికెట్టు కొనుక్కుని వచ్చి తిట్టడమేంట్రా?"

"అమ్మాయ్."

నాన్న. సూది గొడుగు గుడ్డలో గుచ్చేసి ఉంది. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బొమ్మకి ఎవరి ముఖం పెట్టార్రా?"

తమ్ముడు నేలకేసి చూశాడు.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరి ముఖం?"

"నాయనమ్మది," అన్నాడు తమ్ముడు. నోట్లో నువ్వుగింజ నానని వాడికి ఆ ఒక్క మాట బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో.

ఆ పెద్దాయన కొట్టాడా అంటే కొట్టలేదు. అరిచాడా అంటే అరవలేదు. ఒళ్ళో ఉన్న గొడుగు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి లేవబోయి, లేవలేక మళ్ళీ కూలబడ్డాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి. గొడుగులక్క తన జన్మలో నాన్నకి కోపం రావడం చూడలేదు. ఇప్పుడు చూసింది. దగ్గరికి వెళ్ళడానికి కూడా భయం వేసింది.

"ఆవిడ తాళం వెయ్యలేదురా," అన్నాడు. "తాళం వేసింది మీ తాత."

"నాన్నా..."

"మాట్లాడకు. నువ్వు చాలా మాట్లాడావు, ఇంక విను. మీ తాత గుడ్డల మిల్లు ఆసామికి మా అక్కనిచ్చి చేస్తానని మాటిచ్చాడు. ఆ ఆసామి మీ తాత కంటే పెద్దవాడు. అక్క చేసుకోనంది. అంతే, మేడగదిలోకి తోసి తాళం వేసి తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. పడుకున్నా ఆ జేబు మీద చెయ్యి తీసేవాడు కాదు. అన్నం గిన్నె కూడా ఆయనే పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. అమ్మ మెట్ల కింద కూర్చుని ఏడ్చేది. ఒకరోజు పొద్దున్నే పెద్దవాన. ఆయన స్నానానికెళ్ళాడు. స్నానానికి చొక్కాతో వెళ్ళరు కదా. అది కొక్కేనికి వేలాడుతోంది."

ఆయన ఊపిరి తీసుకున్నాడు. డైరెక్టరమ్మ స్టూలు ముందుకు జరుపుకుంది.

"అమ్మ నన్ను స్నానాలగది తలుపు దగ్గర నిలబెట్టింది. మీ నాన్న బయటికొస్తుంటే గట్టిగా ఏడువు అంది. ఊరికే ఏడవమంటే ఏడుపెక్కణ్ణుంచి వస్తుంది? కానీ అక్క మెట్లు దిగి నా తల మీద చెయ్యి వేసేసరికి నిజంగానే వచ్చేసింది. నోట్లో చొక్కా కుక్కుకున్నాను, ఎక్కడ ఆయన వింటాడోనని. వానలో పంపాలి. మంచి గొడుగిస్తే ఒకటి తగ్గిందని ఆయన పట్టేస్తాడు. నాకు పళ్ళొచ్చేటప్పుడు పిడి కొరికి పాడుచేసిన గొడుగొకటి మూల పడుండేది, ఎవరూ కొనరు. అది అక్క చేతిలో పెట్టి, పో అంది. మళ్ళీ రావద్దు, ఉత్తరం ముక్క కూడా రాయొద్దు, ఆయన చేతిలో పడుతుంది అంది. అక్క పడవెక్కింది. అమ్మ పైకెళ్ళి కిటికీ బార్లా తీసి, అక్క చెప్పొకటి కిటికీ గట్టు మీద పెట్టి, గది తాళం వేసేసి, తాళంచెవి ఆయన చొక్కా జేబులో పడేసి, అప్పుడు వీధిలోకి పరిగెత్తి గుండెలు బాదుకుంది. 'నేనే తాళం వేశాను, నేనే తిట్టాను, నా కూతురు నదిలో దూకేసింది' అని."

"నేనే వేశానని ఎందుకంది?" అని అడిగింది గొడుగులక్క.

"ఎందుకంటే, తన తప్పు పెళ్ళాం నెత్తినేసుకుంటే కాదనే మగాడెవడే? మీ తాత నోరు మూసుకున్నాడు. తాళం వేసింది తనేనని తెలిస్తే ఆసామి ముందు, వీధి ముందు తల ఎత్తుకోలేడు. అందుకని ఇంకేమీ అడగలేదు. పడవల్లో వెతికించలేదు. నీళ్ళల్లో వెతికించి ఊరుకున్నాడు. అక్కకి కావలసింది అదే. దానికి అమ్మ తన మంచిపేరు ఇచ్చేసింది. బతికినన్నాళ్ళూ ఆవిణ్ణి చూసి ఈ వీధిలో తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. ఒక్కనాడు నోరు విప్పలేదు. నా చేత ఒట్టు వేయించుకుంది. 'అక్క తనంతట తాను ఈ గుమ్మం తొక్కేదాకా నువ్వూ విప్పకు' అంది. అక్క రాలేదు. ఉందో లేదో తెలియదు. అమ్మ పోయింది. నేను విప్పలేదు. నువ్వు బళ్ళోంచి ఏడుస్తూ వచ్చినప్పుడు కూడా విప్పలేదురా, నా నాలుక కోసుకున్నట్టుండేది. ఇవాళ ఒట్టు తప్పించావు."

తమ్ముడు కిటికీ గొడుగుల కుప్ప మధ్య మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. వాణ్ణి మైకు అన్నవాళ్ళెవరూ వాడు ఇంతసేపు నోరు మూసుకోవడం చూసి ఉండరు.

అప్పుడు డైరెక్టరమ్మ మాట్లాడింది.

"అద్భుతం!" అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళు అబద్ధం కావు. "అద్భుతమండీ! ఇది దానికంటే ఎంతో బాగుంది. తాళం వేసే బొమ్మ కాదు, తాళం తీసే బొమ్మ పెడదాం! జనం 'తలుపు తియ్యి' అని అరుస్తారు, బొమ్మ వచ్చి తలుపు తీస్తుంది! అబ్బ! ముఖం కూడా మార్చక్కర్లేదు. రేపటికే కుదురుతుందేమో మెకానిక్కుని అడుగుతాను. స్నానాలగది కూడా చూపించచ్చు. ఆ పిల్లాడి ఏడుపు..."

గొడుగులక్క పీట కింద చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది. ఆవిణ్ణి కొడుతుందనుకున్నాడు తమ్ముడు, లేవబోయాడు. ఆమె తాళంచెవిని పని బల్ల అంచుకి ఆనించి రెండు చేతులా నొక్కింది. తేలిక కర్ర, పుటుక్కున విరిగింది. రెండు ముక్కలూ డైరెక్టరమ్మ ఒళ్ళో వేసింది.

"ఆవిడ ఇంతకాలం తిట్లు తిన్నది మీరు టికెట్లమ్ముకోవడానికా? నిన్నటిదాకా రాక్షసి, ఇవాళ మహాతల్లి. రెండిట్లో ఏది ఎక్కువ ఆడితే అది! ఆ పిల్లాడి ఏడుపంటారా? ఆ పిల్లాడు ఇదిగో, మీ ఎదురుగా కూర్చున్నాడు. ముందు ఆయన కళ్ళల్లోకి చూసి అడగండి, అమ్ముతాడేమో. మా కొట్లో గొడుగులు అమ్ముతాం. ఇంకేమీ అమ్మం. లేవండి."

డైరెక్టరమ్మ ముఖం ఎర్రబడింది. తప్పు ఎక్కడుందో ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరవబోయింది.

అప్పుడే గొడుగులక్కకి ఒక సంగతి తట్టింది. బయట చప్పుడు లేదు. చాలాసేపట్నుంచీ లేదు. అరుపు లేదు, నవ్వులు లేవు, ఏజెంట్లంతా విసుగొచ్చి వెళ్ళిపోయారేమో అనుకుంది. అనుకుంటూ ఉండగానే ఆమె చూపు తమ్ముడి నడుము మీద పడింది.

"ఒరేయ్. ఆ పచ్చదీపమేంట్రా?"

తమ్ముడు కిందికి చూసుకున్నాడు. కాలర్ దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు. ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"ఆర్పలేదు," అన్నాడు. "అక్కా, నేను ఆర్పలేదే."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. వీళ్ళది ఊళ్ళవాళ్ళందరి కాళ్ళ మీదా పడింది. గొడుగులక్క గుమ్మంలోకి వచ్చి చూసింది. రేవు మెట్ల మీద జనం ఎక్కడివాళ్ళక్కడే నిలబడి ఉన్నారు. ఎవరూ కిటికీకేసి చూడటం లేదు. అందరూ కొట్టుకేసి చూస్తున్నారు, చేతులు చెవుల దగ్గర పెట్టుకుని. సన్నగా తుంపర మొదలైనా ఒక్కరూ కదల్లేదు. ఒక ఏజెంటు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. మరొకడు గొడుగులక్కని చూడగానే చప్పట్లు కొట్టబోయి, ఆమె ముఖం చూసి చేతులు దించేశాడు.

ఆ జనంలోంచి ఒక ముసలావిడ మెట్లెక్కుతూ వస్తోంది. ముడిచిన గొడుగుని చేతికర్రలా పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతూ. వాన పడుతున్నా గొడుగు విప్పలేదు. ఎవరో చెయ్యి ఇవ్వబోతే విదిలించుకుంది. గొడుగులక్కని దాటి గుమ్మంలో కాలు పెట్టి, చెవిలో ఇయర్‌ఫోన్ పీకి డైరెక్టరమ్మ చేతిలో పెట్టింది.

"అమ్మా, లోపలికి రాకూడదండీ, కార్యక్రమం ఇంకా..." డైరెక్టరమ్మ అలవాటు కొద్దీ అనేసింది.

ముసలావిడ వినిపించుకోలేదు. తిన్నగా నాన్న దగ్గరికి వెళ్ళి, బాగుచేయించుకోవడానికి వచ్చినదానిలా గొడుగు ఆయన చేతికిచ్చింది. గుడ్డ ఎన్నిసార్లు మార్చారో, ఊచలు కూడా ఈ కొట్టువి కావు. నాన్న చేతికి ఎవరు గొడుగిచ్చినా ఆయన ముందు పిడి తడిమి చూస్తాడు. తడిమాడు. వేలు ఒకచోట ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. పిడి చివర వరసగా చిన్నచిన్న గంట్లు, పాలపళ్ళవి.

ఆయన తలెత్తడానికి చాలాసేపు పట్టింది.

"ఎంత పెద్దాడివైపోయావురా, బుడంకాయ్," అంది ముసలావిడ. ఆమె చెయ్యి నాన్న తల మీదికి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. "మా ఊరి స్టేషన్లో అమ్మ ముఖం చూశాను. గోడ మీద, మనిషంత పెద్దది. కింద ఏదో రాసుంది, నాకు చదవడానికి కళ్ళు ఆనలేదు. ఊరంతా బొమ్మ వేసి పెట్టుకుందంటే అమ్మకి ఎంత మర్యాద చేస్తున్నారో అనుకుని పడవెక్కి వచ్చాను. ఇందాక వాళ్ళతో పాటు నేనూ అరిచాను. తలుపు తియ్యమని. ఆ చెవిలోది అప్పటికింకా పెట్టుకోలేదు, ఎందుకు అరుస్తున్నారో తెలియక, నిజంగా తీస్తుందేమోనని."

నాన్న ఆ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈసారి నోట్లో చొక్కా కుక్కుకోలేదు. గొడుగులక్క మేనత్తని చూస్తూ నిలబడింది. ఎడమ కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చ.

ముసలావిడ మెల్లగా తిరిగి, గొడుగుల కుప్పలో కూర్చున్న మేనల్లుడి కాలర్ పట్టుకుంది. తమ్ముడు మైకు ఆర్పడానికి చెయ్యెత్తితే ఆ చేతి మీద చరిచింది. వంగి, ఆ గింజంత మైకులోకే మాట్లాడింది. బయట అందరి చెవుల్లోనూ పడేలా.

"రేపు ఆ బొమ్మని పెట్టకండి. ఆ కిటికీలో నేను నిలబడతాను. మా అమ్మని ముసలీ అని పిలిచే మొనగాడెవడో ముందు వరసలోకి రమ్మనండి, చూస్తాను."